విదేశీ బ్యాంకు అకౌంట్‌లో పడే వడ్డీని ఐటీ రిటర్న్‌లో చూపించడం ఎలా?

ఏటా జూన్ వచ్చేసరికి నెల్లూరులో నా టేబుల్ ముందుకు అదే ప్రశ్న వస్తుంది. ఉదయగిరి, ఆత్మకూరు, వెంకటగిరి వైపు నుంచి వచ్చేవాళ్లు కువైట్ అకౌంట్ గురించి అడుగుతారు. ఒంగోలు, కావలి వాళ్లు ఎక్కువగా అమెరికా, సింగపూర్, ఆస్ట్రేలియా అకౌంట్ల గురించి అడుగుతారు. "అక్కడ ఇంకా కాస్త డబ్బుంది సార్, దాని మీద వడ్డీ పడుతోంది. ఇక్కడ చూపించాలా? చూపిస్తే పన్ను ఎంత? చూపించకపోతే ఎవరికి తెలుస్తుంది?" మూడూ ఒకే ఊపిరిలో అడిగేస్తారు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు అంతా ఒకచోట రాస్తున్నాను.

మూడో ప్రశ్నకే ముందు జవాబు చెబుతాను. ఆ భ్రమ వదిలితేనే మిగతాది చెవికెక్కుతుంది. తెలుస్తుంది. సీఆర్‌ఎస్ అనే అంతర్జాతీయ ఏర్పాటు కింద వందకు పైగా దేశాలు ఒకరి అకౌంట్ల వివరాలు ఒకరికి పంపుకుంటున్నాయి. మన దేశం 2017 నుంచి అందులో ఉంది. యూఏఈ, సౌదీ, సింగపూర్, బ్రిటన్, ఆస్ట్రేలియా కూడా ఉన్నాయి. అమెరికాతో 2015లోనే ఇలాంటిదే ఫాట్కా అనే ఒప్పందం కుదిరింది. పేరు, పుట్టిన తేదీ, అకౌంట్ నంబరు, బ్యాలెన్స్, ఏడాదిలో పడిన వడ్డీ, అన్నీ ఇక్కడి ఆదాయపు పన్ను శాఖకు చేరతాయి. 2024 నవంబరులో ఆ సమాచారం ఆధారంగానే శాఖ చాలామందికి ఎస్ఎంఎస్‌లు, ఈమెయిళ్లు పంపింది. 2024-25 అసెస్‌మెంట్ సంవత్సరానికే (అంటే ఆదాయం వచ్చిన ఏడాది తర్వాత, రిటర్న్ వేసే ఏడాది) 24,678 మంది తమ రిటర్న్‌లు మళ్లీ సరిచూసుకున్నారు. 29,208 కోట్ల రూపాయల విదేశీ ఆస్తులు రిటర్న్‌లలోకి వచ్చాయి.

అసలు మాట ఇది. మన జిల్లాల్లో చాలామందికి ఆ వడ్డీ మీద పడే పన్ను చిన్నది, కొందరికి సున్నా. అకౌంట్ ఉన్న సంగతి రిటర్న్‌లో రాయకపోవడం మాత్రం పెద్ద తప్పు. 2015 నల్లధనం చట్టం కింద దానికి ఏడాదికి 10 లక్షల రూపాయల వరకూ జరిమానా పడవచ్చు. 2024 అక్టోబరు 1 నుంచి ఒక సడలింపు వచ్చింది. ఇళ్లు, స్థలాలు కాకుండా మిగతా విదేశీ ఆస్తులన్నీ కలిపి 20 లక్షలు దాటకపోతే ఆ జరిమానా వేయరు. చాలామంది దీన్ని "20 లక్షల లోపు అయితే రాయక్కర్లేదు" అని అర్థం చేసుకున్నారు. అది తప్పు. జరిమానా లేదన్నారు గానీ, రాయవద్దని అనలేదు.

ముందు దగ్గర పెట్టుకోవాల్సినవి

పాస్‌పోర్ట్‌లు అన్నీ కావాలి, మూల కత్తిరించిన పాతవి కూడా. గత పదేళ్ల రాకపోకల ముద్రలు వాటిలోనే ఉంటాయి. విదేశీ బ్యాంకు స్టేట్‌మెంట్ 15 నెలలకు తీసుకోండి. ఎందుకు 15 నెలలో నాలుగో మెట్టులో చెబుతాను. అక్కడ పన్ను పట్టుకుని ఉంటే దాని సర్టిఫికెట్, అకౌంట్ తెరిచిన తేదీ, బ్యాంకు పూర్తి చిరునామా పోస్టల్ కోడ్‌తో సహా, ఆ దేశంలో మీకు ట్యాక్స్ నంబరు ఉంటే అది. ఇక్కడివి మామూలే: పాన్, ఆధార్, ఫారం 16 ఉంటే అది, పోర్టల్‌లో మీ ఆదాయం, పన్ను వివరాలు చూపించే ఏఐఎస్, 26ఏఎస్.

వీసా క్యాన్సిల్ అయ్యాక అక్కడి మొబైల్ నంబరు కూడా పోతుంది. ఆ నంబరుకే ఓటీపీ వచ్చే అకౌంట్‌లో ఇక లాగిన్ కాలేరు. తిరిగి వచ్చే ముందే స్టేట్‌మెంట్లు డౌన్‌లోడ్ చేసుకోండి. కుదిరితే అకౌంట్‌కు ఈమెయిల్, ఇండియా నంబరు జత చేయించండి. ఈ ఒక్క పని చేయక నెలల తరబడి తిరిగినవాళ్లను చూశాను.

1. మీ స్టేటస్ తేల్చుకోండి

అన్నిటికంటే ముఖ్యమైన మెట్టు ఇదే. ఇక్కడ తప్పితే మిగతా లెక్కంతా తప్పు.

చట్టం మనల్ని మూడు రకాలుగా చూస్తుంది. నాన్ రెసిడెంట్ అయితే విదేశీ వడ్డీ మీద ఇక్కడ పన్ను లేదు, అకౌంట్ రాయక్కర్లేదు. రెసిడెంటే గానీ "నాట్ ఆర్డినరీ", అంటే ఆర్‌ఎన్‌ఓఆర్ అయితే, విదేశీ బ్యాంకులో పడే వడ్డీ మీద పన్ను లేదు, అకౌంట్ చూపించే షెడ్యూల్ కూడా వర్తించదు. ఆర్డినరీ రెసిడెంట్ అయితే ప్రపంచంలో ఎక్కడ వడ్డీ వచ్చినా ఇక్కడ చూపించాలి, అకౌంట్ రాయాలి.

ఎలా తేలుతుంది? ఏప్రిల్ 1 నుంచి మార్చి 31 లోపు ఇండియాలో 182 రోజులు లేదా అంతకంటే ఎక్కువ ఉంటే రెసిడెంట్. లేదా ఆ ఏడాది 60 రోజులు, అంతకు ముందు నాలుగేళ్లలో కలిపి 365 రోజులు ఉన్నా రెసిడెంటే. ఉద్యోగం కోసం దేశం వదిలిన ఏడాదికి, బయట ఉంటూ సెలవులకు వచ్చివెళ్లే మన పౌరులకు ఆ 60 బదులు 182 వర్తిస్తుంది. ఇక్కడి ఆదాయం 15 లక్షలు దాటినవాళ్లు సెలవులకు వస్తే మాత్రం 120 రోజుల దగ్గరే జాగ్రత్తపడాలి.

రెసిడెంట్ అని తేలాక రెండో వడపోత. గత 10 ఏళ్లలో 9 ఏళ్లు నాన్ రెసిడెంట్‌గా ఉన్నారా? లేదా గత 7 ఏళ్లలో ఇండియాలో ఉన్న రోజులు కలిపి 729 దాటలేదా? ఏ ఒక్కటి అవునన్నా మీరు ఆర్‌ఎన్‌ఓఆర్.

ఒక లెక్క చేసి చూపిస్తాను. పద్నాలుగేళ్లు కువైట్‌లో పనిచేసి 2025 మే 20న ఉదయగిరికి వచ్చేసిన మనిషిని ఊహించుకోండి. అక్కడున్నప్పుడు ఏటా 45 రోజులు సెలవు మీద వచ్చేవాడు. 2025-26లో ఇక్కడున్నది 316 రోజులు, కాబట్టి రెసిడెంట్. అంతకు ముందు పదేళ్లూ నాన్ రెసిడెంటే, కాబట్టి ఆర్‌ఎన్‌ఓఆర్. 2026-27లో వెనక్కి చూస్తే పదిలో తొమ్మిదేళ్లు నాన్ రెసిడెంట్, అప్పుడూ ఆర్‌ఎన్‌ఓఆరే. 2027-28కి వచ్చేసరికి పదిలో ఎనిమిదే. ఏడేళ్ల లెక్క చూద్దామంటే 316, 365, ఐదేళ్ల సెలవులు 225, మొత్తం 906 రోజులు. 729 దాటింది. ఆ ఏడాది నుంచి ఆర్డినరీ రెసిడెంట్. అంటే కువైట్ అకౌంట్‌ను ఏం చేయాలో తీరిగ్గా ఆలోచించుకోవడానికి అతనికి రెండేళ్లు దొరికాయి. ఈ సంగతి తెలియక మొదటి ఏడాదే పన్ను కట్టేసినవాళ్లూ ఉన్నారు, ఐదేళ్లయినా "నేను ఎన్నారైనే" అనుకుంటున్నవాళ్లూ ఉన్నారు.

లెక్క జ్ఞాపకం మీద వేయకండి. పాస్‌పోర్ట్ తెరిచి ఒక తెల్ల కాగితం మీద వచ్చిన తేదీ, వెళ్లిన తేదీ వరసగా రాసుకోండి. ముద్ర సరిగా పడని చోట టికెట్, బోర్డింగ్ పాస్ మెయిల్ వెతకండి. మొత్తం 182కో 729కో రెండు మూడు రోజుల దగ్గర తేలితే వచ్చిన రోజు, వెళ్లిన రోజు రెండూ కలిపి లెక్కపెట్టి ఆడిటర్‌కి చూపించండి.

పిల్లల్ని ఎంఎస్‌కి పంపిన తల్లిదండ్రులు ఇది చదవాలి. ఉద్యోగానికి వెళ్లినవాళ్లకిచ్చిన 182 రోజుల వెసులుబాటు చదువుకు వెళ్లినవాళ్లకు రాదు. ఆగస్టు 10న విమానం ఎక్కిన అబ్బాయి ఏప్రిల్ నుంచి అప్పటికే 132 రోజులు ఇక్కడున్నాడు. గత నాలుగేళ్లూ ఇక్కడే. ఆ ఏడాదికి అతను ఆర్డినరీ రెసిడెంట్. దిగిన వారంలోనే అక్కడ అకౌంట్ తెరుస్తాడు. ఆదాయం ఒక్క రూపాయి లేకపోయినా ఆ ఏడాది రిటర్న్ వేసి ఆ అకౌంట్ చూపించాలి.

2. ఏది విదేశీ అకౌంట్, ఏది కాదు

ఎన్‌ఆర్‌ఈ, ఎన్‌ఆర్‌ఓ, ఎఫ్‌సీఎన్‌ఆర్ ఇవేవీ విదేశీ అకౌంట్లు కావు. ఎన్నారైల కోసం ఇండియాలోని బ్యాంకు శాఖలో తెరిచే అకౌంట్లే. కాకపోతే తిరిగొచ్చాక ఎన్‌ఆర్‌ఈని మామూలు అకౌంట్‌గా మార్పించాలి. ఇక్కడ స్థిరపడ్డ తర్వాత దాని వడ్డీకి మినహాయింపు ఉండదు. బ్యాంకు అలాగే నడవనిచ్చింది కదా అని వడ్డీ పన్ను లేనిదనుకోవద్దు.

దీనికి తిరగేసిన తప్పు కూడా జరుగుతుంది. మన ఎస్‌బీఐకే సింగపూర్‌లో శాఖ ఉంది. అక్కడ తెరిచిన అకౌంట్ విదేశీ అకౌంటే. బ్యాంకు ఏ దేశానిదని కాదు, అకౌంట్ ఎక్కడుందన్నదే చూడాలి.

గల్ఫ్‌లో ఇస్లామిక్ బ్యాంకుల్లో దాచినవాళ్లకు వడ్డీ అనే మాటే ఉండదు, "లాభం" అని జమ అవుతుంది. మన చట్టం దృష్టిలో అదీ ఆదాయమే, వడ్డీలాగే చూపించాలి. దర్గామిట్ట నుంచి వచ్చిన ఒక పెద్దాయన, వడ్డీ తీసుకోను కాబట్టి రాయాల్సింది ఏమీ లేదని నమ్మకంగా అన్నారు. ఆయన నమ్మకం మీద నాకు గౌరవం ఉంది. కానీ రిటర్న్‌లో గడి పేరు ఏదైనా అందులో పడాల్సిన అంకె ఒకటే అని చెప్పి ఒప్పించాను.

అకౌంట్ బయట ఉంచుకోవడమే నేరమేమో అని భయపడకండి. బయట ఉన్నప్పుడు సంపాదించిన డబ్బును తిరిగొచ్చాక కూడా అక్కడ ఉంచుకోవడానికి విదేశీ మారకద్రవ్యానికి సంబంధించిన ఫెమా చట్టంలోని 6(4) సెక్షన్ అనుమతిస్తుంది. దాచుకోవడం తప్పు కాదు, దాచిపెట్టడం తప్పు.

3. సరైన ఫారం ఎంచుకోండి

ఐటీఆర్-1, ఐటీఆర్-4 పనికిరావు. ఆర్డినరీ రెసిడెంట్‌కు విదేశీ అకౌంట్ ఉంటే ఐటీఆర్-2, వ్యాపారం కూడా ఉంటే ఐటీఆర్-3. రొయ్యల చెరువో, షాపో ఉండి ఏటా ఐటీఆర్-4 వేసే అలవాటున్నవాళ్లు ఇక్కడే పొరపడతారు. ఐటీఆర్-1లో విదేశీ వడ్డీని "ఇతర ఆదాయం"లో కలిపేసి పన్ను కట్టేశానంటారు కొందరు. పన్ను కట్టినా అకౌంట్ రాయలేదు కాబట్టి పని పూర్తి కానట్టే.

ఆదాయం తక్కువ కాబట్టి రిటర్నే అక్కర్లేదనుకోవద్దు. ఆర్డినరీ రెసిడెంట్‌కు విదేశంలో అకౌంట్ ఉంటే ఆదాయంతో సంబంధం లేకుండా రిటర్న్ వేయాల్సిందే. కొడుకు అకౌంట్‌లో జాయింట్‌గా పేరున్న రిటైరైన తండ్రికి కూడా ఇది వర్తిస్తుంది.

4. రెండు క్యాలెండర్లు, రెండు లెక్కలు

పది మందిలో ఎనిమిది మంది తడబడేది ఇక్కడే. కాస్త నెమ్మదిగా చదవండి.

వడ్డీని ఆదాయంగా చూపించేటప్పుడు మన ఆర్థిక సంవత్సరం, ఏప్రిల్ నుంచి మార్చి. అకౌంట్‌ను షెడ్యూల్ ఎఫ్‌ఏలో, అంటే రిటర్న్‌లో విదేశీ ఆస్తులు రాసే భాగంలో చూపించేటప్పుడు క్యాలెండర్ సంవత్సరం, జనవరి నుంచి డిసెంబరు. 2025-26 ఆర్థిక సంవత్సరం రిటర్న్‌లో ఎఫ్‌ఏకి 2025 జనవరి 1 నుంచి డిసెంబరు 31 వరకూ చూడాలి. ఆదాయానికి 2025 ఏప్రిల్ 1 నుంచి 2026 మార్చి 31 వరకూ. అందుకే 15 నెలల స్టేట్‌మెంట్ అడిగాను.

ఒంగోలులో ఉంటున్న, అమెరికాలో సేవింగ్స్ అకౌంట్ ఉన్న ఒకామె లెక్క ఇలా ఉందనుకుందాం:

2025 జనవరి–మార్చి వడ్డీ: 96 డాలర్లు
2025 ఏప్రిల్–డిసెంబరు: 270 డాలర్లు
2026 జనవరి–మార్చి: 84 డాలర్లు

ఎఫ్‌ఏలో వడ్డీ గడిలో 96, 270 కలిపి 366. ఆదాయంగా 270, 84 కలిపి 354. రెండు చోట్లా వేర్వేరు అంకెలు ఉండటమే సరైనది. రెండూ సమానం కాలేదని కంగారుపడి ఒకదాన్ని దిద్దకండి.

స్టేట్‌మెంట్ చదివేటప్పుడు రెండు జాగ్రత్తలు. అమెరికా స్టేట్‌మెంట్లలో నెల ముందు, తేదీ తర్వాత. 04/03/2025 అంటే అక్కడ ఏప్రిల్ 3, మార్చి 4 కాదు. ఆర్థిక సంవత్సరం మారే చోట ఈ ఒక్క పొరపాటు వడ్డీని తప్పు ఏడాదిలో పడేస్తుంది.

కువైట్, బహ్రెయిన్, ఒమన్ డబ్బుకు చుక్క తర్వాత మూడు అంకెలు ఉంటాయి. ఒకసారి ఒకాయన తనే ఫారం నింపుకొని చూపించడానికి తెచ్చారు. వడ్డీ గడిలో 18,450 దినార్లు అని ఉంది. స్టేట్‌మెంట్ తీసి వేలు పెట్టి చూస్తే అక్కడున్నది 18.450, అంటే 18 దినార్ల 450 ఫిల్స్. చుక్కను కామా అనుకున్నారు. రూపాయల్లోకి మారిస్తే ఐదు వేల చిల్లర కాస్తా యాభై లక్షలు దాటి కూర్చుంది. ఆయనకు రెండు రోజులుగా నిద్ర లేదట.

5. రూపాయల్లోకి మార్చండి

గూగుల్‌లో చూసిన రేటు, డబ్బు పంపే యాప్‌లో వచ్చిన రేటు వద్దు. ఎస్‌బీఐ రోజూ విడుదల చేసే ఫారెక్స్ కార్డ్ రేట్ల షీట్‌లో "టీటీ బయింగ్" అని ఒక వరుస ఉంటుంది. అదే కావాలి. పక్కనే "టీటీ సెల్లింగ్" ఉంటుంది, తొందరలో దాన్ని తీసుకోకండి. జపాన్ యెన్ వంటి వాటికి రేటు 100 యూనిట్లకు ఇస్తారు, అదీ గమనించండి.

ఏ రోజు రేటు? పని కొద్దీ మారుతుంది. బ్యాంకు వడ్డీని ఆదాయంగా చూపించడానికి ఆర్థిక సంవత్సరం చివరి రోజు, మార్చి 31 రేటు. ఎఫ్‌ఏలో గరిష్ఠ బ్యాలెన్స్‌కు ఆ బ్యాలెన్స్ ఉన్న రోజు రేటు. ముగింపు బ్యాలెన్స్‌కు డిసెంబరు 31 రేటు. అక్కడ పట్టుకున్న పన్నుకు, పట్టుకున్న నెలకు ముందు నెల చివరి రోజు రేటు. ఆ రోజు సెలవై షీట్ రాకపోతే దానికి ముందు వచ్చిన షీట్ చూస్తాం.

పాత తేదీల షీట్లు తర్వాత వెతకడం కష్టం. డిసెంబరు 31న ఒకటి, మార్చి 31న ఒకటి డౌన్‌లోడ్ చేసి ఫోల్డర్‌లో పెట్టుకోండి. ఎంత రేటుతో ఎలా గుణించారో ఒక కాగితం మీద రాసి దానికి జత చేయండి. మూడేళ్ల తర్వాత ఎవరైనా అడిగితే జవాబు ఆ కాగితమే.

6. రిటర్న్‌లో ఎక్కడెక్కడ రాయాలి

పోర్టల్‌లో ఐటీఆర్-2 తెరిచాక మొదట స్టేటస్ గడి. ముందే "రెసిడెంట్" అని ఎంచి ఉంటుంది. మీరు ఆర్‌ఎన్‌ఓఆర్ అయితే మార్చాలి. చూడకుండా ముందుకు వెళ్లిపోతే మెట్టు 1లో పడ్డ కష్టమంతా వృథా.

తర్వాత షెడ్యూల్ ఓఎస్, అంటే ఇతర ఆదాయం. వడ్డీ మొత్తం ఇక్కడ రాయాలి. అక్కడ పన్ను పట్టుకోకముందున్న పూర్తి వడ్డీ రాయాలి, చేతికొచ్చినది కాదు. సేవింగ్స్ వడ్డీకి ఇచ్చే 80టీటీఏ, సీనియర్లకిచ్చే 80టీటీబీ తగ్గింపులు విదేశీ బ్యాంకు వడ్డీకి రావు.

మూడోది షెడ్యూల్ ఎఫ్‌ఎస్‌ఐ, అంటే విదేశీ ఆదాయం. అదే వడ్డీని దేశం పేరుతో మళ్లీ ఇక్కడ రాయాలి. ఆ దేశపు ట్యాక్స్ నంబరు లేకపోతే పాస్‌పోర్ట్ నంబరు ఇవ్వవచ్చు. ఎఫ్‌ఎస్‌ఐలో రాసినంత మాత్రాన వడ్డీ ఆదాయంలో కలవదు. ఓఎస్‌లో రాయకుండా ఇక్కడ మాత్రమే రాస్తే ఆదాయం చూపించనట్టే.

నాలుగోది షెడ్యూల్ ఎఫ్‌ఏ. బ్యాంకు అకౌంట్లకు అందులో ఏ1 పట్టిక. దేశం, బ్యాంకు పేరు, చిరునామా, పోస్టల్ కోడ్, అకౌంట్ నంబరు, ఓనరా బెనిఫిషియల్ ఓనరా (పేరు వేరొకరిదైనా డబ్బు పెట్టినవారా) అన్నది, తెరిచిన తేదీ, ఏడాదిలో గరిష్ఠ బ్యాలెన్స్, ముగింపు బ్యాలెన్స్, పడిన వడ్డీ. గల్ఫ్ దేశాల్లో పోస్టల్ కోడ్ దగ్గర ఇబ్బంది వస్తుంది. బ్యాంకు వెబ్‌సైట్‌లో ఆ శాఖ చిరునామా చూసి రాయండి. అమెరికా కంపెనీ షేర్లుంటే వాటికి వేరే పట్టికలు, ఏ1లో కలపకండి.

వడ్డీ సున్నా అయినా అకౌంట్ రాయాలి. జనవరిలో క్లోజ్ చేసినా ఆ క్యాలెండర్ ఏడాదికి రాయాలి. జాయింట్ అకౌంట్ అయితే ఇద్దరూ తమ తమ రిటర్న్‌లలో రాయాలి. వడ్డీ మాత్రం డబ్బు ఎవరిదో వాళ్ల ఆదాయం.

7. అక్కడ పన్ను పట్టుకుంటే

గల్ఫ్ దేశాల్లో వ్యక్తుల డిపాజిట్ వడ్డీ మీద ఆదాయపు పన్ను లేదు. సింగపూర్ బ్యాంకు వడ్డీకీ లేదు. అలాంటప్పుడు అక్కడి పన్నును ఇక్కడి పన్నులో తగ్గించుకునే క్రెడిట్ గొడవే లేదు, ఈ మెట్టు వదిలేయండి. "అక్కడే పన్ను లేదు కదా సార్, ఇక్కడెందుకు?" అని అడుగుతారు. పన్ను మీరుండే దేశం వేస్తోంది, డబ్బుండే దేశం కాదు.

అమెరికా పౌరులు, గ్రీన్‌కార్డ్ ఉన్నవాళ్లు కాకపోతే బ్యాంకు డిపాజిట్ వడ్డీ మీద అక్కడ పన్ను లేదు. కానీ తిరిగొచ్చిన సంగతి బ్యాంకుకు చెప్పి, అక్కడ నాన్ రెసిడెంట్ అని తెలిపే డబ్ల్యూ-8 బెన్ ఫారం ఇవ్వాలి. సంతకం పెట్టిన ఏడాది తర్వాత మూడో క్యాలెండర్ ఏడాది చివరి వరకూ అది చెల్లుతుంది, తర్వాత మళ్లీ ఇవ్వాలి. ఆస్ట్రేలియాలో నాన్ రెసిడెంట్ల వడ్డీ మీద 10 శాతం పట్టుకుంటారు.

ఆస్ట్రేలియా లెక్కే చూద్దాం. వడ్డీ 1,000 డాలర్లు, పట్టుకున్నది 100. డాలరు 54 రూపాయలు అనుకుంటే వడ్డీ 54,000, పన్ను 5,400. ఆ వడ్డీ మీద ఇక్కడ పడే పన్ను 8,000 అయితే 5,400 పూర్తిగా తగ్గుతుంది, 2,600 కట్టాలి. ఇక్కడ పడేది 3,000 మాత్రమే అయితే 3,000 వరకే తగ్గుతుంది. మిగిలిన 2,400 ఇక్కడ తిరిగి రాదు. ఆ దేశంతో మనకున్న పన్ను ఒప్పందంలోని రేటు కంటే ఎక్కువ పట్టుకుని ఉంటే ఆ ఎక్కువ భాగానికి క్రెడిట్ రాదు, అక్కడే రిఫండ్ అడగాలి.

ఈ తగ్గింపు కావాలంటే పోర్టల్‌లో ఫారం 67 విడిగా వేయాలి. బ్యాంకు ఇచ్చిన పన్ను సర్టిఫికెట్ జతచేయాలి. అసెస్‌మెంట్ సంవత్సరం ముగిసేలోపు వేయవచ్చని 2022 నుంచి వీలు కల్పించారు. అయినా రిటర్న్‌కు ముందే వేసేయండి. తర్వాత వేద్దామని మరిచిపోయి, క్రెడిట్ తీసేసి డిమాండ్ వచ్చాక పరుగెత్తుతుంటారు. ఫారం 67లో రాసిన అంకెలు, ఎఫ్‌ఎస్‌ఐ, టీఆర్ (విదేశీ పన్ను క్రెడిట్ అడిగేది) షెడ్యూళ్లలో అంకెలు ఒక్క రూపాయి తేడా లేకుండా ఉండాలి.

8. పన్ను కట్టడం

విదేశీ వడ్డీకి ప్రత్యేక రేటు లేదు, మీ స్లాబ్ ప్రకారమే. 2025-26కి కొత్త విధానంలో మొత్తం ఆదాయం 12 లక్షల వరకూ రిబేటు ఉంది కాబట్టి, ఈ వడ్డీ కలిపినా ఆ లోపే ఉన్నవాళ్లకు పన్ను సున్నా. భయపడి దాచుకున్నవాళ్లలో చాలామంది ఈ గీతకు ఇవతలే ఉన్నారు. నాకు బాధనిపించేది అక్కడే.

విదేశీ బ్యాంకు ఇక్కడి టీడీఎస్ పట్టుకోదు. కాబట్టి ఏడాదికి కట్టాల్సిన మిగులు పన్ను 10,000 దాటేలా ఉంటే అడ్వాన్స్ ట్యాక్స్ జూన్ 15, సెప్టెంబరు 15, డిసెంబరు 15, మార్చి 15 వాయిదాల్లో కట్టాలి. 60 ఏళ్లు దాటి వ్యాపారం లేనివాళ్లకు ఇది అక్కర్లేదు.

9. పాత ఏళ్లలో రాయకపోతే

రివైజ్డ్ రిటర్న్ గడువు ఇంకా ఉంటే అదే ఉత్తమం, వెంటనే సరిచేయండి. గడువు దాటితే అసెస్‌మెంట్ సంవత్సరం ముగిశాక నాలుగేళ్ల వరకూ అప్‌డేటెడ్ రిటర్న్ ఉంది. ఆలస్యాన్ని బట్టి అదనంగా 25 నుంచి 70 శాతం పడుతుంది. కానీ అప్‌డేటెడ్ రిటర్న్‌కు అదనపు పన్ను కట్టాల్సి ఉండాలి. అకౌంట్ మాత్రమే రాయలేదు, పన్ను తేడా ఏమీ లేదంటే ఆ దారి కుదరదు. అలాంటప్పుడు, లేదా మొత్తాలు పెద్దవైతే, సొంతంగా ప్రయత్నించకుండా ఆడిటర్ దగ్గర కాగితాలన్నీ పెట్టి కూర్చోండి. శాఖ నుంచి ఎస్ఎంఎస్ వచ్చేదాకా ఆగకండి.

ఇంకొక మాట. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం అమల్లోకి వచ్చింది. 2025-26 రిటర్న్‌కు మాత్రం పాత 1961 చట్టమే. రాబోయే ఏళ్లకు సెక్షన్ నంబర్లు మారతాయి, ఫారం వేసేముందు ఆ ఏడాది సూచనలు చూసుకోండి.

10. సబ్మిట్ ముందు, తర్వాత చూసుకోవాల్సినవి

ఐటీఆర్-2 గడువు మామూలుగా జులై 31. సబ్మిట్ నొక్కే ముందు ప్రివ్యూ పీడీఎఫ్ తీసి స్టేట్‌మెంట్ పక్కన పెట్టుకోండి. ఓఎస్‌లో విదేశీ వడ్డీ, ఎఫ్‌ఎస్‌ఐలో మొత్తం ఒకటేనా? ఎఫ్‌ఏలో గరిష్ఠ బ్యాలెన్స్ ముగింపు బ్యాలెన్స్ కంటే తక్కువ కాలేదు కదా? తక్కువైందంటే రేట్ల తేడా వల్లా, అంకె తప్పుపడిందా చూడండి. అకౌంట్ నంబరు ముందు సున్నాలు ఎగిరిపోలేదు కదా? ఎక్సెల్ నుంచి కాపీ చేస్తే ఇది తరచూ జరుగుతుంది. దినార్ల చుక్క మరొక్కసారి చూడండి.

సబ్మిట్ చేశాక 30 రోజుల్లో ఈ-వెరిఫై చేయాలి. చేయకపోతే అంత కష్టపడి వేసిన రిటర్న్ వేయనట్టే. కొన్ని వారాలకు 143(1) ఇంటిమేషన్ మెయిల్‌కు వస్తుంది. అందులో మీరు రాసిన లెక్క ఒక వరుస, శాఖ లెక్క ఇంకో వరుస ఉంటాయి. సెక్షన్ 90 రిలీఫ్, అంటే విదేశీ పన్ను క్రెడిట్ దగ్గర రెండు వరుసల్లో ఒకే అంకె ఉందా చూడండి. శాఖ వరుసలో సున్నా ఉంటే ఫారం 67 వెళ్లిందో లేదో చూసి రెక్టిఫికేషన్ అడగండి.

అకౌంట్ ఇక అక్కర్లేదనుకుంటే క్లోజ్ చేసేటప్పుడు బ్యాంకు నుంచి క్లోజర్ లెటర్ అడిగి తీసుకోండి. క్లోజ్ చేసిన ఏడాదికి ఎఫ్‌ఏలో ఆ అకౌంట్‌ను ముగింపు బ్యాలెన్స్ సున్నాగా రాసి, ఆ లెటర్‌ను చివరి స్టేట్‌మెంట్‌తో, రేటు షీట్‌తో కలిపి పాత పాస్‌పోర్ట్ ఉన్న కవర్లోనే పెట్టండి.